బీచ్ రోడ్డులో ఒక పనిబల్ల ఇప్పించండి
విశాఖపట్నం మెట్రోపాలిటన్ ప్రాంతాభివృద్ధి సంస్థ కమిషనర్‌కు బహిరంగ లేఖ

కమిషనర్ గారికి,

నేను గాజువాకలో ఉంటాను. ప్లాస్టిక్‌తో చిన్న కార్లు, లారీలు కట్టడం నాకు ఇష్టమైన పని. ఈ ఊళ్లో నాలాంటివాళ్లు ఇంకా ఉన్నారు. డ్యూటీ దిగి వచ్చాక, ఇంట్లో అందరూ పడుకున్నాక, భోజనాల బల్ల మీద పాత పేపరు పరుచుకుని కూర్చునేవాళ్లు. మాకొక కోరిక ఉంది. అది తీర్చడం మీ చేతిలో ఉంది కనక ఉత్తరం మీకు రాస్తున్నాను. నలుగురికీ తెలియాలని బహిరంగంగా రాస్తున్నాను.

బీచ్ రోడ్డులో గానీ సిరిపురంలో గానీ మీ సంస్థ భవనాల్లో ఒక గది ఇప్పించండి. దానికి గాలి బయటికి లాగే ఫ్యాను ఉండాలి, నాలుగు గట్టి బల్లలుండాలి. వారానికి రెండు సాయంత్రాలు పిల్లలూ పెద్దలూ అక్కడ కూర్చుని బళ్ల నమూనాలు కట్టుకుంటారు.

బీచ్ రోడ్డు పేరు ఊరికే ఎత్తలేదు. కురుసుర జలాంతర్గామి 1969లో నౌకాదళంలో చేరి, 2001లో కొలువు విరమించి, 2002 ఆగస్టు నుంచి మన ఇసుకలో మ్యూజియంగా నిలబడింది. రోడ్డుకు అవతల టీయూ-142 విమానం 2017 డిసెంబరులో వచ్చి చేరింది. రెండూ మీ సంస్థే నడుపుతోంది, బాగా నడుపుతోంది. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన జనం టికెట్టు కొనుక్కుని చూస్తున్నారు. అయితే ఆ విమానం అక్కడికి ఎలా వచ్చిందో గుర్తు చేసుకోండి. అరక్కోణంలో కొలువు ముగించుకుని విశాఖకు ఎగిరి వచ్చింది. ఇక్కడ దిగాక దాన్ని విడదీశారు. రెక్కలు ఒకచోట, మొండెం ఒకచోట పెట్టి రోడ్డు మీద మోసుకొచ్చి, బీచ్ దగ్గర మళ్లీ అతికారు. ఈ చివరి నుంచి ఆ చివరికి 50 మీటర్ల రెక్కలున్న యంత్రం అది! ఆ విడదీయడంలో, అతకడంలో ఎంత విద్య ఉందో మ్యూజియం లోపల తిరిగేవాళ్లకు కనిపించదు. పిల్లలు లోపలికి వెళ్తారు, ఆశ్చర్యపోతారు, ఫొటో దిగి బయటికొస్తారు. వాళ్లలో ఎవరికైనా ‘దీన్ని ఎలా కట్టారు?’ అని సందేహం పుడితే, చేత్తో పట్టుకుని తేల్చుకునే చోటు ఈ ఊళ్లో ఒక్కటీ లేదు. నా బాధ అదే.

మా పనేమిటో తెలియనివాళ్ల కోసం కాస్త చెప్పాలి. కిట్ డబ్బాలో ప్లాస్టిక్ చట్రాలకు అంటుకుని ముక్కలు వస్తాయి. ఇంజను రెండు సగాలు, సీట్లు, ఇరుసులు, డ్యాష్‌బోర్డు, అద్దాలు. వాటిని కత్తిరించి, గీరి, రంగేసి, అతికితే కారవుతుంది. ఎక్కువగా 24వ వంతు కొలతలో కడతాం. మన అంబాసిడర్ పొడవు దాదాపు 4 మీటర్ల 32 సెంటీమీటర్లు. మా బల్ల మీద అది 18 సెంటీమీటర్లకు దిగుతుంది. అసలు కారులో తలుపు చుట్టూ ఉండే సందు 5 మిల్లీమీటర్లయితే, ఇక్కడ 0.2 మిల్లీమీటర్లు. రంగు కాస్త మందంగా పడిందా, ఆ సందు పూడుకుపోతుంది, కారు కాస్తా సబ్బుబిళ్లలా తయారవుతుంది. మెటాలిక్ రంగుతో ఇంకో చిక్కు. అసలు కారు మీద మిలమిల మెరిసే ఆ రేణువులే చిన్న కారు మీద కంకర చల్లినట్టు పెద్దగా కనబడతాయి. అందుకని సన్నటి రేణువున్న రంగు వెతుక్కుంటాం. కొలత తగ్గినప్పుడు ప్రతిదీ కలిసి తగ్గదని ఈ పని చేసే పిల్లవాడికి మొదటి నెలలోనే తెలిసిపోతుంది. ఇంజనీరింగ్ కాలేజీలో చేరాక తెలుసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

ముక్కలు అతికే తీరు కూడా చెప్పనివ్వండి. కిట్‌లోని ప్లాస్టిక్ పాలిస్టైరీన్. దానికి వాడే సిమెంటు అసలు జిగురే కాదు, ద్రావకం. రెండు అంచులనూ అది కాస్త కరిగిస్తుంది. కరిగినవి ఒకదాంట్లోకి ఒకటి కలిసి, ద్రావకం ఎగిరిపోయాక ఒకే ముక్కవుతాయి. వెల్డింగు తెలిసిన ఊరికి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. నొక్కిపట్టినప్పుడు కీలు పొడవునా సన్నటి పూసలాగా కరిగిన ప్లాస్టిక్ బయటికి ఉబుకుతుంది. మర్నాటిదాకా ఆగి, దాన్ని గీరి, తడి వాటర్ పేపరుతో 400, 800, 1500 నంబర్లు దాటుకుంటూ నున్నగా చేస్తే అతుకు ఎక్కడుందో కనిపెట్టలేరు. కిటికీ అద్దాలకు మాత్రం ఫెవిక్విక్ దగ్గరికి రానివ్వం. దాని ఆవిరికి అద్దం తెల్లగా మసకబారుతుంది. అక్కడ మామూలు ఫెవికాలే మేలు.

రంగు దగ్గర మా గురువులు ఆటోనగర్‌లో బళ్లకు రంగులేసే పెయింటర్లు. విశాఖ సముద్రపు గాలిలో రంగు కొట్టడం ఎంత కష్టమో వాళ్లకు తెలిసినట్టు ఏ మోడలింగ్ పుస్తకంలోనూ ఉండదు. ముసురు పట్టిన రోజున ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటు కొడితే, థిన్నర్ చప్పున ఆవిరవుతూ రేకును చల్లబరుస్తుంది. గాలిలోని తేమ ఆ చల్లటి తడి పొర మీద దిగి తెల్లగా మసక కమ్ముతుంది. ఆటోనగర్‌లో దానికి మందు నెమ్మదిగా ఆరే థిన్నర్, లేదంటే ఎండ కాసేదాకా ఆగడం. మాకూ అదే మందు. కాకపోతే ఆ థిన్నరే మా ప్లాస్టిక్‌ను తినేస్తుంది కనక ముందు ప్రైమర్‌ను దూరం నుంచి పొడిపొడిగా, పలచగా రెండు మూడు పొరలు వెయ్యాలి. పుట్టీ పెట్టడం, రాకడం, మాస్కింగ్ టేపు అంచు వేలిగోటితో నొక్కడం అంతా ఒకటే విద్య. లారీ తలుపు మీద చేసేవాడు చెయ్యి పెద్దగా ఊపుతాడు, మేం ఊపిరి బిగబడతాం.

ఇక అసలు విషయానికొస్తాను. ప్రపంచంలో ఫోర్డ్, పోర్షే, టొయోటా కార్లకు కిట్లు లెక్కలేనన్ని ఉన్నాయి. మన రోడ్డు మీది బళ్లకు వెతకాల్సిందే. ఒక కిట్ ముక్కలు పోత పొయ్యాలంటే ఉక్కు అచ్చులు చెక్కాలి. ఆ ఖర్చు రావాలంటే వేలకు వేల డబ్బాలు అమ్మాలి. మన దగ్గర అంత కొనుగోలు ఇంకా లేదు. బయటి నుంచి తెప్పించుకుందామంటే, కస్టమ్స్ లెక్కలో ఈ నమూనాలు బొమ్మల పద్దులోకే వస్తాయి. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. దేశంలో బొమ్మల పరిశ్రమ నిలబడాలని చేసిన పని అది, ఆ మంచిచెడ్డలు మీ పరిధిలోవి కావు. ఫలితం మాత్రం మా బల్ల మీద కనిపిస్తుంది. కొత్తగా నేర్చుకునే కుర్రాడు మొదటి కిట్ ధర చూసి వెనక్కి తగ్గుతాడు.

అందుకే మా దగ్గర ఈ సరదా ఇంకో దారి పట్టింది. ఉన్నదాన్ని మార్చుకోవడం. సెంటీ కంపెనీ ప్లాస్టిక్ అంబాసిడర్ మన దేశంలోనే తయారవుతుంది, పిల్లల బొమ్మగా షాపుల్లో దొరుకుతుంది. అడుగున స్క్రూలు విప్పి, వెనక్కి లాగితే పరిగెత్తే మోటారు తీసేస్తాం. లోపల ఖాళీ ఏర్పడుతుంది. అక్కడ ప్లాస్టిక్ షీటు కోసి నేల వేస్తాం, సీట్లు కడతాం. చక్రాలు లోపలికి జరుపుతాం. కిట్ చట్రంలో మిగిలిన పుల్లను కొవ్వొత్తి మంట పైన తిప్పుతూ, మెత్తబడగానే రెండు చివర్లూ పట్టి లాగితే వెంట్రుకంత సన్నగా సాగుతుంది. అది రేడియో యాంటెన్నా. కొంచెం లావుగా లాగింది గ్రిల్లు కమ్మీలకు పనికొస్తుంది. ఆఫీసర్ల కారు చేసేటప్పుడు వెనక సీటు మీద తెల్ల తువ్వాలు లేకపోతే ఎలా? టిష్యూ పేపరులో ఒక పొర విడదీసి, నీళ్లు కలిపిన ఫెవికాల్‌లో ముంచి, సీటు వీపు మీద వేసి, సూదిమొనతో మడతలు దిద్దుతాం. ఆరాక దాన్ని చూసి కలెక్టరాఫీసులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకరు కాసేపు మాట్లాడలేకపోయారు. 1958 నుంచి 2014 దాకా తయారైన కారది. ఆ సీటు మీద తువ్వాలు ఎలా ఉండేదో ఏ మ్యూజియం రాసిపెట్టుకుంది?

లారీల సంగతి ఇంకా తొందరపెడుతోంది. ఒకప్పుడు కంపెనీ నుంచి ఉత్త ఛాసిస్ వచ్చేది. క్యాబిన్ లేని ఆ బండిని డ్రైవరు ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ నడుపుకొచ్చేవాడు. ఆటోనగర్ లాంటి చోట్ల దానికి చెక్కతో, రేకుతో బాడీ కట్టేవాళ్లు. నెత్తి మీద చెక్క కిరీటం, దాని మీద యజమాని పిల్లల పేర్లు, పక్కలకు తామర పూలు, వెనక తలుపు మీద డేగ. ఒక మేస్త్రి కట్టిన క్యాబిన్ ఇంకో మేస్త్రి కట్టినదానిలా ఉండేది కాదు. ఇప్పుడు ఫ్యాక్టరీ నుంచే క్యాబిన్‌తో సహా వస్తున్నాయి. డ్రైవరుకు అది క్షేమమే, కాదనను. కానీ ఆ చేతిపని చూస్తుండగానే పోతోంది. దానికి ప్లాన్లు గీసినవాళ్లు లేరు. అంతా మేస్త్రి చేతిలో, టేపులో ఉంది. మిగిలిన పాత బళ్లను కొలిచి 24వ వంతులో కట్టిపెడితే, రేపు ఎవరైనా చూడాలనుకున్నప్పుడు చూపించడానికి ఒక వస్తువైనా ఉంటుంది. కాన్వెంట్ జంక్షన్ దగ్గర పోర్టు లారీలు వరసగా ఆగినప్పుడు వెళ్లి నిలబడండి. ఇనుప ఖనిజం మోసిన బండి చక్రాల గూళ్లలో ఎర్రమట్టి రంగు, బొగ్గు మోసినదాని అంచుల్లో నలుపు. మోడల్ కట్టేవాడు దుమ్మును కూడా చూసి నేర్చుకుంటాడు. దుమ్ము ఎక్కడ పడితే అక్కడ పడదు. నీళ్లు కారే దారిలో చారలవుతుంది, మడ్‌గార్డు వెనక పేరుకుంటుంది, డ్రైవరు చెయ్యి తగిలే తలుపు పిడి దగ్గర అరిగిపోతుంది. పాత పోస్టాఫీసు ప్రాంతంలో ఏ కిటికీ గూట్లో వేలు రాసినా వచ్చే నల్లటి పొడి ఎక్కడి నుంచి వస్తోందని ఆ పిల్లవాడు అడగడం మొదలుపెడతాడు. అడగాలి కూడా.

ఇవన్నీ పిల్లలాటలు కదా అనేవాళ్లకు ఈ ఊళ్లోనే జవాబుంది. మన నౌకాదళ విజ్ఞాన సాంకేతిక ప్రయోగశాల, ఎన్‌ఎస్‌టీఎల్‌లో 500 మీటర్ల పొడవున నీళ్ల తొట్టె ఉంది. కట్టబోయే ఓడ నమూనాను చిన్న కొలతలో చేసి, ఆ నీటిలో లాగి, అసలు ఓడ ఎలా నడుస్తుందో తేలుస్తారు. 1948లో నెహ్రూ చేతుల మీదుగా ‘జల ఉష’ ఓడను నీటిలోకి దించిన ఊరు ఇది. పెద్దది కట్టేముందు చిన్నది కట్టాలన్న సంగతి ఈ ఊళ్లో పనిచేసే ఇంజనీర్లందరికీ తెలుసు, స్కూలు పిల్లలకే ఎవరూ చెప్పలేదు.

కార్ల ఊరు డెట్రాయిట్ ఏం చేసిందో చూడండి. జనరల్ మోటార్స్‌కు బాడీలు కట్టే ఫిషర్ బాడీ విభాగం 1930లో కుర్రాళ్లకు నమూనాల పోటీ పెట్టింది. మొదట్లో నెపోలియన్ కాలపు గుర్రబ్బండిని చిన్న కొలతలో కట్టమన్నారు. 1937 నుంచి సొంతంగా ఊహించిన కారును 12వ వంతులో చేసి పంపమన్నారు. గెలిచినవాళ్లకు కాలేజీ చదువుకు స్కాలర్‌షిప్పులు. 1968 దాకా నడిచింది. 1947లో గెలిచిన చక్ జోర్డాన్ అనే కుర్రాడు తర్వాత జనరల్ మోటార్స్ డిజైన్ విభాగానికే అధిపతి అయ్యాడు. ఆ పోటీలో ఒక లోపముంది, ఆడపిల్లలకు చోటివ్వలేదు. మన గదిలో ఆ పొరపాటు జరగకూడదు. ఇంకో సంగతి, 1958లో ఏఎంటీ అనే కంపెనీ ఒకే కారును మూడు రకాలుగా కట్టుకునేలా డబ్బాలో ముక్కలు పెట్టి అమ్మింది. కంపెనీ కారులాగే కట్టుకోవచ్చు, రేసు బండి చేసుకోవచ్చు, లేదా మన ఇష్టం వచ్చినట్టు మార్చుకోవచ్చు. కార్లను మార్చి కట్టే సరదా అక్కడి కుర్రాళ్లలో ఇల్లిల్లూ చేరింది ఆ డబ్బాలతోనే.

జపాన్‌లో షిజువోకా ఊరి కథ మనకు ఇంకా దగ్గర. కలప పనికి పేరున్న ఊరు. టమియా కంపెనీ 1946లో అక్కడ కలప వ్యాపారంగానే మొదలై, చెక్క నమూనాలు చేసి, 1960లో మొదటి ప్లాస్టిక్ కిట్ తెచ్చింది. ఇప్పుడు ప్రపంచంలో ప్లాస్టిక్ మోడళ్ల రాజధాని ఏదంటే ఆ ఊరి పేరే చెబుతారు. ఏటా మే నెలలో అక్కడ ప్రదర్శన జరిగితే కంపెనీలతోపాటు మామూలు జనం కూడా తాము కట్టినవి తెచ్చి బల్లల మీద పెడతారు. మనకు వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక లేదా? అంకుడు కర్ర, లక్క, చెట్ల రంగులతో చేసే బొమ్మల ఊరు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, 2023లో అక్కడి కళాకారుడు సి.వి. రాజు గారికి పద్మశ్రీ వచ్చింది. అక్కడి కళాకారుల చేతిలో రైళ్లూ కార్లూ ఎప్పటి నుంచో తిరుగుతున్నాయి. చెక్క తరిమెన మీద చక్రం తీసే మనిషిని నెలకొకసారి ఆ గదికి పిలిస్తే మా ప్లాస్టిక్ వాళ్లం నేర్చుకోవలసింది చాలా ఉంటుంది.

మీకు రాగల అభ్యంతరాలు నేనూ ఆలోచించాను. బ్లేడ్లు, ద్రావకాలు, రంగుల ఆవిర్లు పిల్లల దగ్గర పెట్టొచ్చా? చిన్నపిల్లలకు సన్‌బోర్డు, ఫెవికాల్, నీళ్లలో కలిసే రంగులు చాలు. వాటితోనే బస్సులు కట్టే కుర్రాళ్లు ఆంధ్రా, తమిళనాడు, కేరళల్లో ఎందరో ఉన్నారు. ప్లాస్టిక్ సిమెంటు పెద్ద పిల్లలకే, పెద్దవాళ్ల కంటి ముందే. స్ప్రే పని ఒక మూల అద్దాల పెట్టెలో, గాలి బయటికి పోయేలా, ముక్కుకు మాస్కుతో. నేను మొదట ఫ్యాను అడిగింది అందుకే. అది లేని గది ఇస్తే వద్దంటాను.

నేర్పేదెవరు? స్టీల్ ప్లాంటులో, షిప్‌యార్డులో, పోర్టు వర్క్‌షాపుల్లో జీవితమంతా పనిచేసి రిటైరైన ఫిట్టర్లు, టర్నర్లు, ప్యాటర్న్ మేకర్లు మన కాలనీల్లో ఉన్నారు. వెర్నియర్ కాలిపర్ ఇప్పటికీ చొక్కా జేబులో పెట్టుకుని తిరిగే పెద్దాయనలు ఉన్నారు. పిలిచి కుర్చీ వేస్తే చాలు, వస్తారు. జీతం అడిగేవాళ్లు కారు. పనిముట్లు మొదట్లో మావే పెడతాం. కత్తులు, కటింగ్ మ్యాట్లు, ఎయిర్‌బ్రష్, కంప్రెసరు మా ఇళ్లలో ఉన్నాయి.

గది ఎక్కడన్నది మీ ఇష్టం. నా మనసులో ఉన్నది సిరిపురం చిల్డ్రన్ ఎరీనా. పిల్లల కోసం కట్టిన భవనమే కనక అక్కడ ఒక గది దొరికితే వేరే చెప్పక్కర్లేదు. బీచ్ రోడ్డులో టీయూ-142 ఆవరణలో చోటున్నా మంచిదే. విమానం చూసి వచ్చిన పిల్లవాడు అదే కాళ్లతో బల్ల దగ్గరికి వస్తాడు.

మొదటి ఆదివారం ఏం చెయ్యాలో కూడా చెబుతాను. ఊళ్లో ఇంకా తిరుగుతున్న ఒక అంబాసిడర్‌ను, ఆటోనగర్‌లో చెక్క క్యాబిన్ మిగిలిన ఒక లారీని ఆవరణలోకి తెప్పిద్దాం. ఇద్దరిద్దరు పిల్లలకు ఒక టేపు, ఒక కాగితం. ఒకరు పట్టుకుంటే ఒకరు చదవాలి. బానెట్ పొడవు, చక్రం వ్యాసం, తలుపు ఎత్తు. ప్రతి అంకెనూ 24తో భాగించి పక్కన రాసుకోవాలి. సాయంత్రానికి ఆ రెండు బళ్లకూ ఈ ఊరి పిల్లలు గీసిన కొలతల పటం తయారవుతుంది. దాన్ని మీ సంస్థ దగ్గర భద్రపరచండి, అడిగినవాళ్లకు నకలివ్వండి. కట్టిన నమూనాలను డిసెంబరు 4న నేవీ డేకి బీచ్‌కు జనం వచ్చినప్పుడు కురుసుర పక్కన ఒక పందిట్లో పెట్టుకోనివ్వండి.

మీ ఇంజనీరింగు విభాగంలో ఎవరిని కలవాలో ఒక మాట చెప్పించండి. ఫ్యాను, వైరింగు, బల్లల ఎత్తు సంగతి వాళ్లతో కూర్చుని మాట్లాడుకుంటాం.


గాజువాక నుంచి ఒక మోడల్ కార్ల పనివాడు